ఆకు కప్పిన పళ్ళెం

ఆ ఏడు మామిళ్ళు విరగకాశాయి. కొమ్మలు ఇంటి రేకుల మీదికి వంగిపోయి, కాయలు దబదబా రాలుతుండేవి. అంతకు ముందు అది నాకు చప్పుడు కిందే లెక్క కాదు. మా ఫూసి కాలేజీలో చేరాకే, ఈ లోకంలో ఇన్ని చప్పుళ్ళున్నాయని నాకు తెలిసొచ్చింది.

ఫూసి నా కూతురు. ఇరవై మూడేళ్ళు వచ్చేదాకా బేకరీలో పిండి పిసికి, ఒకరోజు ఇంటికొచ్చి, "అమ్మా, టౌనులో కమ్యూనిటీ కాలేజీలో చేరాను" అంది. ఏం చదువే అంటే సంగీతమూ, పాటల రికార్డింగూ అంది. మా ఆడపడుచు లేసియేలి వదిన అప్పుడు మా వాకిట్లోనే కూర్చుని చాప అల్లుతోంది. ఆవిడకి నవ్వాగలేదు.

"పాట నేర్చుకోడానికి కాలేజీ ఏమిటే! ఈ ఊళ్ళో పిల్లి కూడా నాలుగు గొంతుల్లో అరుస్తుంది. దానికి బస్సెక్కి నుకుఅలోఫా దాకా పోవాలా?"

"పాడటం కాదత్తా, పాటని పట్టటం."

"పట్టడానికి అదేమన్నా చేపా?"

"చేపలాంటిదే. జారిపోతుంది" అంది ఫూసి.

ఆ రోజు అందరం నవ్వాం. నేనూ నవ్వాను.

నా కొడుకు మనాసె దానికంటే నాలుగేళ్ళు పెద్ద. మా టోంగా దీవుల్లో అన్నాచెల్లెళ్ళు పన్నెండేళ్ళు దాటితే ఒక గదిలో కూర్చోరు. మగపిల్లాడి పడక పెరట్లో వేరే గుడిసెలో. చెల్లెలు వినేచోట అన్న సరసం మాట ఆడకూడదు, ప్రేమపాట ఎత్తకూడదు. మగవాళ్ళు కావా అనే వేరురసం తాగుతూ పాడుకునేచోట, గిన్నెలు అందించే పిల్ల వరసకు చెల్లెలని తెలిస్తే, ఆ మగాడు గిన్నె కిందపెట్టి లేచిపోతాడు. అది కోపమూ కాదు, భయమూ కాదు, గౌరవం. మాకు అన్నకంటే చెల్లెలే ఎక్కువది.

మా ఇద్దరూ మరీను. ఫూసి వంట చేస్తుంది, పళ్ళెంలో పెడుతుంది, పైన అరటాకు కప్పి, ఈనె లోపలికి మడిచి దోపుతుంది, ఈగ దూరకుండా. పళ్ళెం గుడిసెకు మోసేది నేను. ఖాళీ పళ్ళెం తెచ్చేదీ నేనే. పదిహేనేళ్ళు అలాగే గడిచాయి. వాళ్ళిద్దరి మధ్యా ఉన్న దారి నా కాళ్ళకే తెలుసు.

మనాసె పగలు కందగడ్డల తోటలో పని, ఆదివారం చర్చిలో ముందుగొంతు. వాడు ఎత్తుకుంటే వెనక నూరుమంది గొంతులు లేచేవి. ఆ చలికాలం చివర్లో, మాకది ఆగస్టు, వాడి గొంతు బొంగురుపోయింది. జలుబనుకున్నాం. నిమ్మాకు కషాయం పోశాను, తేనె నాకించాను. టౌను ఆసుపత్రిలో డాక్టరమ్మ వేలితో తడిమి చూసి గడ్డ అంది. సముద్రం దాటి పోతే ఆక్లండ్‌లో కోస్తారుట. కోస్తే గొంతు పోతుంది, కోయకపోతే మనిషే పోతాడు. కాయితాలు పంపాం, జవాబు రావాలి అంది.

దారిలో బస్సులో మనాసె నా చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. "నయమేలే అమ్మా, ఇకనుంచి చర్చిలో నిద్రపోవచ్చు" అన్నాడు.

ఒక వారం పోయాక ఫూసి వంటింట్లో కొబ్బరి కోరుతూ, తల ఎత్తకుండా అంది, "అమ్మా, ఆఖరి పరీక్షకి మా మాస్టారు ఒక పాట పట్టి తెమ్మన్నారు. ఇంతకుముందు ఎవరూ రికార్డు చెయ్యని పాట కావాలట. మొదటినుంచి చివరిదాకా ఒక్క ఊపులో పాడాలి, అతుకులుండకూడదు."

"తే మరి. నేనేమన్నా వద్దన్నానా?"

"అన్న సొంతంగా కట్టిన పాట ఒకటుందిట. కితియోనే పెళ్ళాం చెప్పింది."

కితియోనే అంటే మావాడితో కలిసి కావా తాగే నేస్తం. ఆ గుంపులో పాడే పాటలేమిటో నాకు తెలుసు. "అవి నువ్వు వినే పాటలు కాదే" అన్నాను.

"గొంతు పోతుంది కదమ్మా."

కొబ్బరి ఎప్పుడో అయిపోయింది. ఉత్త చిప్పని గీకుతోంది.

లేసియేలి వదినకి చెప్పక తప్పదు. మేనత్త మాట దాటితే మా ఇంట్లో కుక్క కూడా అన్నం తినదు. ఆవిడ, ఫూసి కాలేజీ నుంచి తెచ్చిన హెడ్‌ఫోన్లు చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, చెవికి పెట్టుకుని, చటుక్కున తీసేసింది.

"అయ్యబాబోయ్! ఒకే గదిలో ఉన్నా మధ్యన గాలన్నా ఉంటుందే. ఇది చెవిలోనే కాపురం పెడుతుంది. వాడు ప్రేమపాట పాడటమూ, నువ్వు ఇది తగిలించుకుని వినటమూనా? మీ నాన్న గోరీలోంచి లేచొస్తాడు."

ఫూసి హెడ్‌ఫోన్లు తీసుకుని తీగ చుట్టటం మొదలుపెట్టింది. చుట్టి విప్పి, మళ్ళీ చుట్టింది. ఆ చేతులు చూసి ఉండబట్టలేక అనేశాను, "నేను పట్టనా?"

ఇద్దరూ నావైపు చూశారు.

"నువ్వా! పొయ్యి మీద పాలు పొంగితేనే చూసుకోవు" అంది వదిన.

అయినా పట్టాను. కాలేజీవాళ్ళ రికార్డింగు పెట్టె ముందుంచి మూడు రోజులు నేర్పింది ఫూసి. ఎర్ర మీట నొక్కితే మొదలు, మళ్ళీ నొక్కితే ఆఖరు. ముల్లు ఈ గీత దాటితే గొంతు పగిలినట్టు. మైకు నోటికి జానెడు దూరం. "గదిక్కూడా గొంతు ఉంటుందమ్మా" అనేది, ఇంట్లో చప్పట్లు కొట్టి చూపించేది. నేను గుడిసెలోకి వెళ్ళి చప్పట్లు కొడితే రేకు ఖంగుమని తిరిగి పలికేది. అది పోవాలంటే గోడలకి గుడ్డలు కట్టాలిట. ఏం గుడ్డలున్నాయి నాకు? చెక్కపెట్టెలో దాచిన చాపలన్నీ తీశాను. నేనూ వదినా రెండేళ్ళు బెరడు దంచి, రంగులద్దిన పెద్ద బట్ట ఉంటే అదీ తీశాను. నేనూ మనాసె కలిసి గుడిసె గోడల చుట్టూ కట్టాం. వదిన గుమ్మంలో నుంచుని ముక్కున వేలేసుకుంది.

"శవాల కింద పరిచే బట్టని గోడకి కడతావుటే, వీకా?"

"పెళ్ళిళ్ళకీ పరుస్తాం కదా వదినా."

ఆవిడ తుపుక్కున ఉమ్మేసి వెళ్ళింది. దిష్టి పోవాలని.

మనాసెని కీర్తన పాడరా అని అడిగాను. కీర్తనయితే అందరూ వినచ్చు కదా. వాడు తల అడ్డంగా ఊపాడు. "కీర్తనలు చర్చి నిండా ఉన్నాయి. పాడితే ఇదే పాడతా."

"సిగ్గులేదురా! ఆ పెట్టె పట్టుకెళ్ళి వినేది నీ చెల్లెలు."

"వింటే విననీ" అన్నాడు. వాడి నోట అలాంటి మాట నేనెప్పుడూ వినలేదు. జబ్బు మనిషి కదా అని ఊరుకున్నాను.

మొదటిసారి చెడగొట్టింది నేనే. వాడు ఎత్తుకున్నాడు.

దారికవతల పూసే పువ్వా, వాసన గాలి తెస్తుంది,
నిన్ను చూడను, గాలిని అడగను.

గొంతు బొంగురే, కానీ ఆ బొంగురులో తీపి ఉంది. నాకు ఒళ్ళు తెలియలేదు. పాట బాగుంటే మావాళ్ళం గట్టిగా "మాలియే!" అని అరుస్తాం, అరవకపోతే పాడేవాణ్ణి అవమానించినట్టే. అరిచాను. ముల్లు గీత దాటి అటు చివరికి పోయి కొట్టుకుంది. మనాసె పాట ఆపి పొట్ట పట్టుకుని నవ్వాడు. సాయంత్రం ఫూసి అక్కడిదాకా వినకుండా, నా అరుపు ముక్క ఒక్కటే వినిపించమంది. విని అదీ నవ్వింది. వేరువేరు చోట్ల ఇద్దరూ ఒకే సంగతికి నవ్వారు. నాకెంత బాగుందో చెప్పలేను.

రెండోసారి రేకు మీద మామిడికాయ పడింది. దాని వెనకే పందులు వచ్చాయి. మనాసె మొదటి చరణం దగ్గరే అలిసిపోయి పడుకున్నాడు. రెండు మెతుకులు మింగటానికి మంచినీళ్ళు తాగాల్సి వస్తోంది అప్పటికే.

మూడోసారికి ఊరంతా సాయం చేసింది. వదినే ఇల్లిల్లూ తిరిగి, బెరడు దంచే ఆడవాళ్ళందరిచేతా కొయ్య సుత్తులు కింద పెట్టించింది. "గంటసేపు నోళ్ళూ చేతులూ మూసుకోండి. మా మనాసె పాడతాడు" అందిట. మాటలతో ఎంత కసిరినా ఆవిడ మనసు వెన్న. పిల్లలు పందుల్ని సముద్రం వైపు తోలారు. కితియోనే చెట్టెక్కి రేకు మీద వాలిన కొమ్మల్లో కాయలన్నీ కోసేశాడు. ఫూసి మేనత్త ఇంట్లో ఉండాలని ఒప్పందం. గుడిసె తలుపు దగ్గరికి వేసి, నేను ఎర్ర మీట నొక్కాను.

మనాసె కళ్ళు మూసుకుని పాడాడు. నేను పెదవి కొరుక్కుని కూర్చున్నాను. మొదటి చరణం అయింది. రెండోది అందుకున్నాడు.

ఆకు కప్పిన పళ్ళెం నా గడపకొస్తుంది,
ఆకు ఇంకా వెచ్చన, కప్పిన చెయ్యి ఎక్కడో.

ఎవత్తిరా ఈ పిల్ల అనుకున్నాను. హాపై దీవి పిల్ల ఒకతె ఉందని విన్నాను, అదేనేమో అనుకున్నాను. వంట బాగా చేస్తుంది కాబోలు అనుకున్నాను. చూడండి నా తెలివి!

మూడో చరణం. ఊపిరి పీల్చుకుని, "నువ్వు..." అన్నాడు.

బయట గులకరాళ్ళ మీద అడుగుల చప్పుడు. ఆ అడుగులు నాకు తెలుసు. ఆ వెంటనే గడప మీద పళ్ళెం పెట్టిన చప్పుడు. నా చెయ్యి నన్నడగలేదు, మీట నొక్కేసింది. చెల్లెలు వస్తుంటే అన్న నోట ప్రేమపాట ఆపించటం నా ఒంట్లో ఉంది, బుర్రలో కాదు.

మనాసె కళ్ళు తెరిచాడు. "ఆపేశావా?"

"చెల్లెలు వచ్చిందిరా!"

వాడు నావైపు కాసేపు చూశాడు. తరువాత తలుపు వైపు చూశాడు. "ఆఁ, వచ్చింది" అన్నాడు.

తలుపు తీస్తే ఫూసి లేదు. గడప మీద పళ్ళెం ఉంది. కొబ్బరిపాలతో మెత్తగా నలిపిన కంద, మీద ఆకు. మధ్యాహ్నం అయిపోతోంది, నేనేమో లోపల ఇరుక్కున్నాను, అన్నకి ఆకలేస్తుందని తనే తెచ్చింది. పదిహేనేళ్ళలో మొదటిసారి. "ఒక్క మాట విన్లేదత్తా, ఒట్టు. అక్కడ పెట్టి, చెవులు మూసుకుని పరుగెత్తాను" అందిట మేనత్తతో.

"రేపు పాడదాంలే అమ్మా" అన్నాడు మనాసె. అదే మేము విన్న ఆఖరి గట్టిమాట. మర్నాడు నోరు తెరిస్తే గాలి వచ్చింది, గొంతు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

పోనీ రాసివ్వరా అన్నాను. కాయితం ముందు పెట్టాను. వద్దన్నాడు. అన్న చెల్లెలికి అలాంటి మాటలు రాసి చేతికివ్వటం ఎక్కడుంది? కానీ రెండు రోజుల తరువాత పళ్ళెం తీసుకెళ్ళేసరికి, గుడిసె తలుపు లోపలివైపు సుద్దతో అంకెలు రాసున్నాయి. నాలుగు వరుసలు. నా చదువు మూడో తరగతి. అక్షరాలంటే కూడబలుక్కోవాలి. అంకెలు మాత్రం పరిగెత్తిస్తాను, మా చర్చిలో పాటని అంకెల్లోనే రాస్తారు కాబట్టి. స్వరానికో అంకె. మా స్వరాల లెక్క మూడుతో మొదలు, తొమ్మిదితో ఆఖరు. ఒకటీ రెండూ మా పాటల్లో లేవు.

"మూడో చరణమా?" అన్నాను. తల ఊపాడు. "మాటలేవిరా?" అన్నాను. నవ్వి, పళ్ళెం మీద ఆకు తీసి, మడత విప్పి, అరచేత్తో సాపు చేసి పక్కన పెట్టుకున్నాడు. ఎప్పుడూ అంతే చేస్తాడు. ఆ గుడిసెలో ఎండిన ఆకులు దొంతరగా ఉండేవి, నేను ఊడ్చేస్తుండేదాన్ని.

నవంబరులో ఆక్లండ్ నుంచి కాయితాలు వచ్చాయి. వచ్చిన నాలుగో రోజు, శనివారం పొద్దున, కోడి కూసే వేళ, మనాసె పోయాడు.

గోడకి కట్టిన బట్టే విప్పి వాడి కింద పరిచాం. మేకుల గుర్తులు అలాగే ఉన్నాయి దానికి. లేసియేలి వదిన తలదగ్గర కూర్చుంది, మేనత్త చోటు అది. ఊరంతా దుఃఖానికి గుర్తుగా నడుములకి చిరుగుచాపలు చుట్టుకుని వచ్చింది. చర్చివాళ్ళు పాడారు. ముందుగొంతు ఎత్తుకునేవాడు లేక, మొదటి మాట దగ్గర అందరూ ఒకరికోసం ఒకరు ఆగారు. ఆ ఆగటం ఒక్కటే నాకు గుర్తుంది.

మట్టి వేసిన పదో రోజున ఫూసి పెట్టె ముందు కూర్చుంది. కాలేజీకి ఇవ్వాల్సిన రోజు దగ్గర పడింది. హెడ్‌ఫోన్లు ఒళ్ళో పెట్టుకుని అలా కూర్చునే ఉంది, చెవికి పెట్టుకోదు. పెట్టుకో అని నేనెలా అంటాను? లేసియేలి వదిన చాప అల్లుతున్నదల్లా లేచి వచ్చింది. ఆ హెడ్‌ఫోన్లు తీసి, పిల్ల జుట్టు వెనక్కి సర్ది, తన చేతులతో తనే చెవులకు పెట్టింది. వెళ్ళి మళ్ళీ చాప ముందు కూర్చుంది.

ఫూసి విన్నది. ఒకసారి విని మళ్ళీ విన్నది. మొహంలో ఏమీ లేదు. తరువాత నావైపు తిరిగి, "అమ్మా, ఇది ప్రేమపాట కాదు" అంది.

"ఏమిటే?"

"ఆకు కప్పిన పళ్ళెం."

మావాళ్ళు పాటలో అసలు మాట నేరుగా అనరు. రాణిని చంద్రుడంటారు, ఊరిని పువ్వంటారు. అనాల్సింది అనకుండా అనటమే మాకు పాట. అంత తెలిసినదాన్ని. ఆ పళ్ళెం పదిహేనేళ్ళు మోసినదాన్ని. హాపై పిల్ల అనుకున్నాను! వాడు చెల్లెలితో చెప్పుకోవటానికి బతుకంతా చూసి చూసి, ఒక దారి వెతికి, "నువ్వు" అని నోరు తెరిచాడు. ఆ "నువ్వు" దగ్గరే నేను మీట నొక్కాను.

ఆ మాట పైకి అన్నాను కూడా. వదిన చాపలోంచి తల ఎత్తలేదు. "నేనైనా అదే నొక్కుదునే, వీకా" అంది.

కితియోనేని పిలిచి అడిగాం. అతనికి రెండు చరణాలే తెలుసు. "మూడోది మాకెప్పుడూ పాడలేదు పెద్దమ్మా. ఇంట్లోవాళ్ళు విన్నాకే అనేవాడు" అన్నాడు.

ఫూసితో నేనూ కాలేజీకి వెళ్ళాను. ఫూసి వాళ్ళ మాస్టారు, పేరు మాకా, చిన్నవాడే, మంచివాడు. ఆ గది గోడలకి కూడా మెత్తటి గుడ్డలే, మన చాపలంత బాగుండవు. ఆయన పెద్ద పెట్టెల్లోంచి పాట వినిపించాడు. మనాసె గొంతు గది నిండింది. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. చివర "నువ్వు" అన్నాక, గులకరాళ్ళు, పళ్ళెం ఠంగుమనటం, టక్కున మీట. అయిపోయింది.

మాస్టారు మెల్లిగా అన్నాడు, "ఇక్కడ ఏదో గిన్నె చప్పుడు వచ్చింది ఫూసీ. రెండో చరణంతో ఆపి, ఇది కోసేస్తే శుభ్రంగా ఉంటుంది."

"వద్దు సార్. అది నేనే."

ఆయనకి అర్థం కాలేదు.

"మేమిద్దరం ఒకచోట ఉన్నది అక్కడొక్కచోటే" అంది.

ఆయన టోంగా మనిషే కదా. తల దించుకున్నాడు. ఇంక కోసే మాట ఎత్తలేదు. కానీ పాట మొదటినుంచి చివరిదాకా ఉండాలి కదా అని మాత్రం గొణిగాడు, అది కాలేజీ నియమం.

ఆ మర్నాడు ఫూసి మైకు పట్టుకుని గుడిసెలోకి వచ్చింది. ఆ గడప లోపలికి అది కాలు పెట్టటం అదే మొదలు. ఎండిన ఆకుల దొంతర అప్పటికింకా మూలనే ఉంది, నేను ఊడ్చలేదు. దాని దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, ఒక ఆకు తీసి చూసింది. ఈనె మడత గుర్తు ఉంది దానికి. తీసినచోటే పెట్టేసింది.

"అమ్మా, తలుపు మీదిది చదువు."

"మాటల్లేవే."

"అంకెలే పాడు. అతుకైతే అయింది, పాట చివరిదాకా ఉంటుంది."

గోడలకి ఏమీ లేవు, మా గొంతులు రేకుకి తగిలి ఖంగుమంటున్నాయి. ఆకులు రాలుతున్నాయి, ఎక్కడో బెరడు దంచుతున్నారు. ఎవర్నీ ఆపమనలేదు. ఫూసి హెడ్‌ఫోన్లు పెట్టుకుని మీట నొక్కింది. నేను సుద్ద గీతల మీద వేలు పెట్టి పాడాను. అయిదు, ఆరు, అయిదు, మూడు. పైకి వెళ్ళి, ఎనిమిది దగ్గర కాసేపు నిలబడి, మళ్ళీ మెల్లిగా కిందికి దిగి, మూడు మీదికి వచ్చి కూర్చుంది ఆ చరణం. ఇంటికి వచ్చిన మనిషిలా. నా ముసలి గొంతు వణికింది, అయినా ఒక్క అంకె తప్పలేదు.

అయిపోయింది. ఫూసి మీట నొక్కలేదు.

"అయిందే. ఆపు" అన్నాను.

అది తల అడ్డంగా ఊపి, పెదవి మీద వేలు పెట్టింది. ముల్లు ఇంకా మెల్లిగా కదులుతూనే ఉంది. అలా కూర్చున్నాం. పైకొమ్మన మిగిలిన మామిడికాయ ఒకటి రేకు మీద పడి దొర్లుకుంటూ పోయింది. అది కూడా అందులో ఉంది.